రోజూ కరెంటు, దూరానికి పెట్రోలు: ప్లగిన్ హైబ్రిడ్ కొనడం తెలివైన పనేనా?

ప్రశ్న: కొత్తబండి

అందరికీ నమస్కారం. మా పాత పెట్రోలు కారును ఈ ఏడాది మార్చాలనుకుంటున్నాము. మామూలు హైబ్రిడ్ (పెట్రోలు ఇంజనుకు మోటారు సాయపడేది) కొనాలా, ప్లగిన్ హైబ్రిడ్ (గోడ ప్లగ్గు నుంచి ఛార్జి చేసుకుని కొంత దూరం కరెంటు మీద, తరువాత పెట్రోలు మీద నడిచేది) కొనాలా, పూర్తి ఎలక్ట్రిక్ కారుకే వెళ్ళిపోవాలా అన్నది కొన్ని వారాలుగా ఎంత ఆలోచించినా తేలడం లేదు. అనుభవం ఉన్నవారు సలహా ఇస్తారన్న ఆశతో అడుగుతున్నాను.

ముందు నా వాడకం చెబుతాను. పనిరోజుల్లో రానూపోనూ కలిపి నలభై కిలోమీటర్లకు మించి తిరగను. నెలకు ఒకటి రెండుసార్లు మాత్రం మూడు వందల కిలోమీటర్లు దాటే ప్రయాణం ఉంటుంది, అందులో కొంత భాగం కొండదారి. కారు నిలిపే చోట గోడకు ఒక సాధారణ ప్లగ్గు ఉంది కాని ప్రత్యేకమైన ఛార్జరేమీ లేదు. ఇంట్లో రెండో కారు లేదు కాబట్టి ఏది కొన్నా అన్ని పనులకూ అదే పనికిరావాలి.

షోరూములో అమ్మకందారు ప్లగిన్ హైబ్రిడ్‌లో రెండింటి సుఖమూ ఉంటుందన్నారు. మా బంధువొకరు రెండింటి ఖర్చూ ఉంటుందన్నారు. ఇద్దరూ నమ్మకంగానే చెప్పారు. కంపెనీ ప్రకటించిన మైలేజీ అంకె చూస్తే వంద కిలోమీటర్లకు ఒకటిన్నర లీటరు పెట్రోలు కూడా కాదట, అది నమ్మశక్యంగా లేదు. చిన్న బ్యాటరీని రోజూ ఛార్జి చేస్తూ పోతే ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది నా పెద్ద సందేహం. వారాల తరబడి నడవని ఇంజను పాడవుతుందా, సర్వీసింగు ఖర్చు మామూలు కారుకన్నా తగ్గుతుందా పెరుగుతుందా అన్నవి కూడా తెలుసుకోవాలని ఉంది. వాడుతున్నవారూ, వాడి వదిలేసినవారూ ఇద్దరూ చెబితే మేలు.

జవాబు: మౌనచక్రం

కొత్తబండి గారూ, నేను కొన్నేళ్ళుగా ప్లగిన్ హైబ్రిడ్ వాడుతున్నాను. ఇష్టపడే వాడుతున్నాను కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉంటుందనుకుని చదవండి.

ఈ కారు మీద మనసు పడటానికి ప్రధాన కారణం పెట్రోలు ఆదా అని చాలామంది అనుకుంటారు. నా మటుకు నాకు మొదటి కారణం నడిపేటప్పటి హాయి. ఉదయం పూర్తి ఛార్జితో బయలుదేరితే ట్రాఫిక్కులో ఆగుతూ, కదులుతూ, మళ్ళీ ఆగుతూ వెళ్ళే ఆ గంటసేపూ ఇంజను శబ్దం గాని, వణుకు గాని, గేరు మారినప్పటి కుదుపు గాని ఉండవు. మోటారుకు మొదటి అంగుళం నుంచే పూర్తి లాగుడుశక్తి ఉంటుంది కనుక కూడళ్ళలో కదిలేటప్పుడు బరువైన కారు కూడా తేలిగ్గా అనిపిస్తుంది. బయలుదేరే ముందు ప్లగ్గులో ఉండగానే ఏసీ వేసి క్యాబిన్ చల్లబరుచుకోవచ్చు, లేదా వెచ్చబరుచుకోవచ్చు. ఇంజను నడపకుండానే ఆ పని జరుగుతుంది, దానికయ్యే కరెంటు కూడా చాలామటుకు గోడ నుంచే వస్తుంది. దూరప్రయాణమైతే ఛార్జింగ్ కేంద్రం ఎక్కడుంది, ఖాళీగా ఉందా, పనిచేస్తోందా అనే ఆరా ఏదీ లేకుండా పెట్రోలు పోయించుకుని వెళ్ళిపోవచ్చు. ఇంట్లో ఒకే కారు ఉన్నవారికి ఈ చివరి సంగతి చాలా పెద్దది.

ఇక కాటలాగులో కనిపించని సంగతులు చెబుతాను. ఎలక్ట్రిక్ మోడ్ అని బొత్తాం ఉన్నంత మాత్రాన ఇంజను ఎప్పుడూ మేలుకోదని అనుకోకండి. బ్యాటరీలో సగానికి పైగా ఛార్జి ఉన్నా పెడల్‌ను పూర్తిగా తొక్కితే అనేక మోడళ్ళలో ఇంజను అందుకుంటుంది. బాగా చలిగా ఉన్నప్పుడు క్యాబిన్‌ను వెచ్చబరచడానికి కొన్ని కార్లు ఇంజనునే ఆన్ చేస్తాయి. హీట్ పంపు (బయటి గాలిలోని వేడిని లోపలికి చేర్చే, ఏసీ లాంటి ఏర్పాటు) ఉన్న మోడళ్ళలో ఈ బెడద చాలావరకు ఉండదు. కొనేముందు తప్పక అడగవలసిన ప్రశ్న ఇది, అమ్మేవారు తమంతట తాము చెప్పరు.

స్థలం కూడా చూసుకోండి. బ్యాటరీ ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా, అది సాధారణంగా డిక్కీ లోతునో, పెట్రోలు ట్యాంకు పరిమాణాన్నో, లేకపోతే స్టెప్నీ స్థానాన్నో ఆక్రమిస్తుంది. నా కారులో స్టెప్నీ లేదు, పంక్చరు కిట్టు ఇచ్చారు. కొండదారిలో టైరు పక్కగోడ చిరిగితే ఆ కిట్టు ఎందుకూ కొరగాదు. మీ ప్రయాణాల్లో కొండదారి ఉందన్నారు కాబట్టి దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దని నా మనవి.

పెట్రోలు బంకులో మొదటిసారి కాస్త తికమకపడతారు. ఇంజను నడవని సమయంలో ఆవిరి బయటికి పోకుండా ఈ కార్లలో చాలావాటికి ఒత్తిడిని తట్టుకునే మూసివున్న ట్యాంకు ఉంటుంది. మూత తెరవడానికి బొత్తాం నొక్కగానే తెరుచుకోదు. కాసేపు ఆగమని డాష్‌బోర్డు మీద సందేశం వస్తుంది, వెనకాల నుంచి సన్నగా గాలి వదిలిన చప్పుడు వినిపిస్తుంది, కొన్ని క్షణాలకు టప్పుమని మూత లేస్తుంది. ఈలోగా పంపు దగ్గరి మనిషి మూతను గోళ్ళతో లాగబోతే మీరే ఆపాలి.

జవాబు: లెక్కలపద్దు

మౌనచక్రం గారు హాయి గురించి చెప్పారు, నేను అంకెల గురించి చెబుతాను. కంపెనీ ప్రకటించిన మైలేజీని నమ్మలేకపోతున్నానన్నారు. నమ్మకపోవడమే సరైనది. అలాగని ఆ అంకె అబద్ధమూ కాదు. పరీక్షలో కారును పూర్తి ఛార్జితోనూ, ఖాళీ బ్యాటరీతోనూ విడివిడిగా నడిపి, జనం మొత్తం దూరంలో ఇంత భాగం కరెంటు మీద నడుపుతారని ముందే ఒక అంచనా వేసుకుని, రెండు ఫలితాలనూ ఆ నిష్పత్తిలో కలుపుతారు. అంచనా ఎంత ఉదారంగా ఉంటే మైలేజీ అంత గొప్పగా కనిపిస్తుంది.

ఆ అంచనా ఎంత ఉదారమో ఐరోపాలో బయటపడింది. 2021లో అక్కడ రిజిస్టరైన కార్లలోని ఇంధన కొలత పరికరాల నుంచి సేకరించిన వివరాలను యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో ప్రకటించింది. పెట్రోలు, డీజిలు కార్లు పరీక్షలో తేలినదానికన్నా రోడ్డు మీద సుమారు 20 శాతం ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదులుతుండగా, ప్లగిన్ హైబ్రిడ్లు వదులుతున్నది సగటున మూడున్నర రెట్లు. కిలోమీటరుకు 40 గ్రాముల లోపని కాగితం మీద ఉన్న కార్లు నిజంలో 139 గ్రాముల దాకా వదిలాయి. అంతకుముందు 2022లో ఐసీసీటీ, ఫ్రాన్‌హోఫర్ అనే పరిశోధన సంస్థలు కలిసి చేసిన అధ్యయనంలో సొంత కార్ల యజమానులు తమ మొత్తం దూరంలో 45 నుంచి 49 శాతం కరెంటు మీద నడుపుతున్నారనీ, ఉద్యోగ సంస్థలు తమ సిబ్బందికి ఇచ్చే కార్లలో ఆ వాటా 11 నుంచి 15 శాతమేననీ తేలింది. ఈ రెండో అంకెకు కారణం తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పెట్రోలు బిల్లు కట్టేది సంస్థ, ఇంటి కరెంటు బిల్లు కట్టేది ఉద్యోగి, అలాంటప్పుడు రాత్రిపూట కేబులు తగిలించే ఓపిక ఎవరికి ఉంటుంది? పన్ను రాయితీ కోసం కొని, కేబులును సంచిలోంచి బయటికి తీయకుండానే తిరిగి అప్పగించిన కార్లున్నాయన్న మాట ఊరికే పుట్టలేదు. ఐరోపా సమాఖ్య 2025 నుంచి ఆ అంచనాను దశలవారీగా బిగిస్తోంది కనుక అదే కారుకు అక్కడి కాగితాల్లో ఇకమీదట అంత గొప్ప అంకె రాదు.

కాబట్టి మీ లెక్క మీరే వేసుకోవాలి, అది అంత కష్టం కాదు. మధ్యస్థ పరిమాణంలోని ప్లగిన్ హైబ్రిడ్ వంద కిలోమీటర్లకు బ్యాటరీ నుంచి పదిహేడు పద్దెనిమిది యూనిట్లు (కిలోవాట్ గంటలు) వాడుతుందనుకుందాము. ఛార్జింగులో పదో వంతుకు పైగా వేడి రూపంలో పోతుంది కనుక మీటరు మీద ఇరవై యూనిట్లు తిరుగుతాయి. అదే కారు ఖాళీ బ్యాటరీతో మామూలు హైబ్రిడ్‌లా నడిచినప్పుడు ఐదారు లీటర్లు తాగుతుంది. ఐదు లీటర్ల లెక్కన చూస్తే ఒక లీటరు పెట్రోలుకు నాలుగు యూనిట్లు సమానం. మీకు లీటరు ధర యూనిట్ ధరకు నాలుగు రెట్లకన్నా ఎక్కువగా ఉన్నంతవరకే కరెంటు మీద నడపడం లాభం. ఇంటి కరెంటుతో ఈ షరతు తేలిగ్గానే నెరవేరవచ్చు గాని, బయటి ఛార్జింగ్ కేంద్రాల ధరలతో చాలాచోట్ల నెరవేరదు. రోడ్డు పక్కన గంటల తరబడి నిలబడి, పెట్రోలుకన్నా ఎక్కువ ఖర్చు పెట్టి కరెంటు నింపుకునే ప్లగిన్ హైబ్రిడ్ యజమానులను చూస్తే వారు దేనికోసం అంత కష్టపడుతున్నారో నాకు బోధపడదు.

డాష్‌బోర్డు మీద సగటు వాడకం చూపే అంకెను చూసి మురిసిపోకండి. కరెంటు మీద నడిచిన దూరాన్ని కూడా కలుపుకుని, తాగిన పెట్రోలును మాత్రమే లెక్కగట్టి చూపే మోడళ్ళు చాలా ఉన్నాయి, యూనిట్ల ఊసు అందులో ఉండదు. యూనిట్లూ లీటర్లూ విడివిడిగా రాసుకుంటేనే ఖర్చు తెలుస్తుంది.

మామూలు హైబ్రిడ్‌తో పోల్చినప్పుడు ఇంకొక్క లెక్క వేయాలి. ప్లగిన్ కోసం అదనంగా చెల్లించే మొత్తాన్ని, కరెంటు మీద నడిచే ప్రతి కిలోమీటరుకూ మిగిలే సొమ్ముతో భాగిస్తే, ఎన్ని కిలోమీటర్లకు పెట్టుబడి తిరిగి వస్తుందో తెలుస్తుంది. మీ పనిరోజుల తిరుగుడు ఏడాదికి తొమ్మిది పదివేల కిలోమీటర్లు ఉంటుంది. తేలిన దూరాన్ని దానితో భాగించి, వచ్చిన ఏళ్ళ సంఖ్య మీరు కారును ఉంచుకునే కాలంకన్నా ఎక్కువైతే, హాయి కోసమే కొంటున్నానని తెలిసి కొనండి. అదీ తప్పేమీ కాదు.

జవాబు: స్పానరు

బ్యాటరీ, ఇంజను, సర్వీసింగు గురించి అడిగారు. హైబ్రిడ్లను విప్పి బిగించడమే నా పని కనుక వాటి వరకు చెబుతాను.

ముందు బ్యాటరీ. మీ భయంలో కొంత నిజముంది. అరవై కిలోమీటర్లు నడిచే బ్యాటరీతో ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లు కరెంటు మీద తిరిగితే రెండు వందల పూర్తి ఛార్జింగ్ చక్రాలవుతాయి (బ్యాటరీ ఒకసారి నిండి ఖాళీ కావడం ఒక చక్రం). నాలుగు వందల కిలోమీటర్లు నడిచే పూర్తి ఎలక్ట్రిక్ కారుకు అదే దూరం ముప్పై చక్రాలే. చిన్న బ్యాటరీ ఎక్కువ కష్టపడుతుందన్నది కాదనలేము. తయారీదారులకు ఈ సంగతి తెలుసు కాబట్టే పైనా కిందా కొంత భాగాన్ని వాడకుండా దాచి ఉంచుతారు. 2010 డిసెంబరులో అమెరికాలో అమ్మకానికి వచ్చిన షెవర్లే వోల్ట్ అనే ప్లగిన్ హైబ్రిడ్‌లో 16 యూనిట్ల బ్యాటరీ ఉండేది, అందులో సుమారు మూడింట రెండు వంతులే వాడనిచ్చేవారు. ఆ జాగ్రత్త వృథా పోలేదు, లక్షల కిలోమీటర్లు తిరిగిన వోల్ట్‌లు కూడా చెప్పుకోదగ్గ దూరాన్ని కోల్పోలేదని వాటి యజమానులు చెబుతుంటారు. బ్యాటరీకి ఛార్జింగ్ చక్రాలకన్నా పెద్ద శత్రువు వేడి. బ్యాటరీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉందా, గాలితోనే సరిపెట్టారా అన్నది తప్పక అడగండి. పూర్తి ఛార్జితో మండుటెండలో రోజుల తరబడి నిలపకండి. బయలుదేరే వేళకు ఛార్జింగ్ పూర్తయ్యేలా టైమరు పెట్టుకుంటే సరిపోతుంది. హామీ చాలా కంపెనీలు ఎనిమిదేళ్ళు ఇస్తున్నాయి గాని, అది ఎంత సామర్థ్యం తగ్గితే వర్తిస్తుందో కాగితంలో చదవాలి. కొన్నిటిలో పూర్తిగా పనిచేయకపోతేనే వర్తిస్తుంది.

ఇంజను సంగతి వేరు. చాలాకాలం నడవకపోవడంకన్నా, నడిచిన కాస్సేపు కూడా సరిగా వేడెక్కకపోవడమే దానికి హాని. హైవే మీద వంద వేగంలో బ్యాటరీ అయిపోయి, అప్పటిదాకా చల్లగా పడుకున్న ఇంజను ఒక్కసారిగా బరువెత్తుకోవలసి రావడం మామూలు కారుకు ఎన్నడూ ఎదురుకాని పరిస్థితి. కార్లలోని కంప్యూటర్లు ముందుగానే కొంత వేడిచేసుకుని, మోటారు సాయంతో భారం తగ్గించి ఈ గండం దాటిస్తాయి. ఎలక్ట్రిక్ మోడ్‌లో తిరుగుతూ రెండు నిమిషాల చొప్పున మాత్రమే ఇంజను లేచి పడుకునే కార్లలో ఆయిల్లోకి పెట్రోలూ తేమా చేరతాయి. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మట్టం తగ్గవలసింది పోయి కాస్త పెరిగి ఉంటుంది, వాసన చూస్తే పెట్రోలు తెలుస్తుంది, ఆయిల్ పోసే మూత అడుగున మీగడ రంగు జిడ్డు కనిపిస్తుంది. నెలకు ఒకటి రెండుసార్లు దూరం వెళతానన్నారు కదా, మీ ఇంజనుకు అదే చాలు, గంటసేపు బాగా కాగితే ఆ తేమంతా ఆవిరైపోతుంది. కిలోమీటర్లు తిరగలేదు కదా అని ఆయిల్ మార్పును మాత్రం వాయిదా వేయకండి, ఏడాదికొకసారి మార్చవలసిందే.

ట్యాంకులో నెలల తరబడి నిలవున్న పెట్రోలు కూడా నాణ్యత కోల్పోతుంది. వోల్ట్‌లో దీనికి ముందే ఏర్పాటు చేశారు. సుమారు ఆరు వారాలు ఇంజను నడవకపోతే తానే కాసేపు నడుపుకుంటుంది, పెట్రోలు వయసు ఏడాది దాటితే దాన్ని తగలబెట్టేదాకా ఇంజను మీదే నడుస్తుంది. కరెంటు మీదే ఎక్కువ తిరిగేవారు ట్యాంకు నిండుగా పోయించకుండా సగంతో సరిపెట్టుకోవడం మంచిది.

సర్వీసింగు ఖర్చు తగ్గుతుందని ఆశ పెట్టుకోకండి. బ్రేకు ప్యాడ్లు చాలాకాలం వస్తాయన్నది నిజమే, ఎందుకంటే వేగం తగ్గించే పని ఎక్కువగా మోటారే చేసి ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. అయితే వాడకం తగ్గిన బ్రేకు డిస్కులు తుప్పుపడతాయి, అప్పుడప్పుడు గట్టిగా బ్రేకు వేసి వాటిని శుభ్రపరచాలి. ఆయిలు, ఫిల్టర్లు, స్పార్కు ప్లగ్గులు, సైలెన్సరు ఎలాగూ ఉన్నాయి. వాటికి తోడు బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్టు మార్చే ఇన్వర్టరు, ఛార్జరు, బ్యాటరీ, వీటన్నిటినీ చల్లబరిచే రెండో కూలెంటు వ్యవస్థ వచ్చి చేరతాయి. హామీ అయిపోయాక కారులోపలి ఛార్జరు పోతే దాని ధర విని కూర్చోవడానికి కుర్చీ వెతుక్కుంటారు. కారు ఆగిపోయిందని నా దగ్గరికి తెచ్చినవాటిలో మూలన ఉన్న చిన్న పన్నెండు వోల్టుల బ్యాటరీ చచ్చిపోయినవే ఎక్కువ. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా అది లేకపోతే కారు మేలుకోదు.

అన్ని ప్లగిన్ హైబ్రిడ్లూ ఒక్కటి కావని కూడా చెప్పాలి. టయోటా ప్రియస్ తరహాలో మామూలు గేరుబాక్సు, క్లచ్ లేకుండా ప్లానెటరీ గేర్లతో (ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే పళ్ళచక్రాలతో) రెండు మోటార్లనూ ఇంజనునూ కలిపినవి నిర్మాణంలో సరళం, తొందరగా పాడవవు. పాత గేరుబాక్సుకూ ఇంజనుకూ మధ్య ఒక మోటారును ఇరికించినవాటిలో అదనపు క్లచ్‌లూ, పాత గేరుబాక్సు జబ్బులూ అన్నీ ఉంటాయి. 2012 నాటి ప్రియస్ ప్లగిన్‌లో 4.4 యూనిట్ల బ్యాటరీ ఉండేది, దానితో ఎలక్ట్రిక్ మీద పోయే దూరం పేరుకే. 2023 మోడల్‌లో అది 13.6 యూనిట్లకు పెరిగి, అమెరికా ప్రభుత్వ పరీక్షలో 44 మైళ్ళు, అంటే 70 కిలోమీటర్ల దాకా నడిచింది. పాత మోడళ్ళ గురించి విన్న ఫిర్యాదులను కొత్తవాటికి అంటగట్టకండి, కొత్తవాటి గొప్పలు నమ్మి పాత బండి కొనకండి.

మళ్ళీ: కొత్తబండి

ముగ్గురికీ ధన్యవాదాలు. లెక్కలపద్దు గారు చెప్పిన పద్ధతిలో లెక్క వేస్తే, మామూలు హైబ్రిడ్‌కన్నా అదనంగా పెట్టే సొమ్ము తిరిగి రావడానికి ఆరేళ్ళకు పైగా పడుతోంది. మేము కారును పదేళ్ళు ఉంచుకుంటాము కాబట్టి ఇబ్బంది లేదు. రెండు సందేహాలు మిగిలాయి. కొండ ఎక్కేటప్పుడు బ్యాటరీ ఖాళీగా ఉంటే కారు లాగలేకపోతుందని విన్నాను, నిజమేనా? ఇంత గందరగోళం ఎందుకు, పూర్తి ఎలక్ట్రిక్ కారే కొనుక్కోవచ్చు కదా అని ఇంట్లో అడుగుతున్నారు, దానికి నా దగ్గర గట్టి సమాధానం లేదు.

జవాబు: పూర్తికరెంటు

మీ ఇంట్లోవారు అడిగినది సరైన ప్రశ్న. నేను ప్లగిన్ హైబ్రిడ్ కొంతకాలం వాడి, పూర్తి ఎలక్ట్రిక్ కారుకు మారినవాణ్ణి. ప్లగిన్ నన్ను కష్టపెట్టిందేమీ లేదు. రోజూ కరెంటు మీదే తిరగడం అలవాటయ్యాక, ఇంజను లేచినప్పుడల్లా చికాకు కలగసాగింది. ఆ ఇంజనునూ, దాని ఆయిల్నూ, దాని రెండు మూడు వందల కిలోల అదనపు బరువునూ సంవత్సరంలో కొద్ది రోజుల కోసం మోస్తున్నాననే భావన రోజురోజుకూ పెరిగింది. ప్లగిన్‌కు అలవాటుపడిన చాలామంది తరువాతి కారుగా పూర్తి ఎలక్ట్రిక్ కొనడానికి కారణం ఇదేననుకుంటాను.

దూరప్రయాణంలో ఛార్జింగ్ విషయానికి వస్తే, ప్లగిన్ హైబ్రిడ్‌లో చాలావాటికి వేగవంతమైన ఛార్జింగ్ సౌకర్యమే ఉండదు. మిత్సుబిషి అవుట్‌ల్యాండర్ వంటి కొన్నిటికి ఉంది గాని అవి మినహాయింపులు. పూర్తి ఎలక్ట్రిక్‌లో అరగంటలో రెండు వందల కిలోమీటర్లకు సరిపడా నింపుకోవచ్చు. మీరు వెళ్ళే దారిలో అలాంటి కేంద్రాలు కనీసం రెండు, ఒకటి పనిచేయకపోతే రెండోది ఆదుకునేంత దగ్గరలో ఉంటే, మూడు వందల కిలోమీటర్ల ప్రయాణానికి ఇంజను అవసరం లేదు. అవి లేకపోతే నా మాట పక్కన పెట్టి మౌనచక్రం గారి మాట వినండి.

జవాబు: మౌనచక్రం

పూర్తికరెంటు గారి చివరి వాక్యంతో నాకు పేచీ లేదు. ఒక్కటి మాత్రం కలుపుతాను. ప్లగిన్ హైబ్రిడ్‌ను రెంటికి చెడ్డ రేవడి అనేవారు సాధారణంగా దాన్ని ఛార్జి చేయనివారో, లేకపోతే ప్రయాణమంతా పెద్ద బ్యాటరీకి అనువైన దారుల్లో చేసేవారో అయి ఉంటారు. మధ్యలో ఉన్నవారు చాలామంది ఉన్నారు, కొత్తబండి గారు వారిలో ఒకరు.

కొండ సంగతి. బ్యాటరీ ఖాళీ అని తెరమీద చూపినా, లోపల మామూలు హైబ్రిడ్‌కు ఉండేంత ఛార్జి మిగిలే ఉంటుంది, కారు దానితోనే ఇంజనుకు సాయపడుతుంది. పొడవైన ఎత్తు మీద ఆ కాస్తా అయిపోతే ఇంజను ఒక్కటే అంత బరువునూ లాగాలి. కారు ఆగిపోదు గాని ఓవర్‌టేకు చేసేటప్పుడు ఉండవలసిన పికప్ తగ్గి, ఇంజను గోల పెరుగుతుంది. ఇంజను చిన్నదైన మోడళ్ళలో ఇది బాగా తెలుస్తుంది. వోల్ట్‌లో దీనికోసమే మౌంటెన్ మోడ్ పెట్టారు. ఇతర కార్లలో ఛార్జిని దాచి ఉంచే మోడ్ ఉంటుంది. హైవే ఎక్కగానే దాన్ని వేసి, ఇంజను మీద నడిపి, కొండ మొదలయ్యే చోట బ్యాటరీని విడిచిపెట్టండి. దిగేటప్పుడు బ్యాటరీలో చోటు ఉంటుంది కాబట్టి బ్రేకు వేసిన శక్తి కొంత వెనక్కి వస్తుంది. పూర్తి ఛార్జితో కొండమీద నుంచి బయలుదేరితే ఆ శక్తి పోయేందుకు చోటుండదు, ఇంజను బ్రేకు మీద దిగాలి. నడుస్తూ ఇంజనుతో బ్యాటరీ నింపే మోడ్ కూడా కొన్నిటిలో ఉంటుంది గాని, పెట్రోలును కరెంటుగా మార్చి మళ్ళీ చక్రాలకు పంపడంలో రెండుసార్లు నష్టం కనుక కొండకు ముందు తప్ప దాని జోలికి పోవద్దు.

జవాబు: స్పానరు

మీ గోడ ప్లగ్గు గురించి ఎవరూ మాట్లాడలేదు. 13 యూనిట్ల బ్యాటరీకి సాధారణ ప్లగ్గు చాలు, పది ఆంపియర్ల మీద ఆరేడు గంటల్లో నిండుతుంది, ప్రత్యేక ఛార్జరు మీద ఖర్చు పెట్టనక్కరలేదు. పూర్తి ఎలక్ట్రిక్ కొనకుండా దీన్ని కొనడంలో ఇది నిజమైన ఆదా.

అయితే ఇంట్లో మరే వస్తువూ రోజూ ఆరు గంటలపాటు ఆపకుండా పది ఆంపియర్లు లాగదు. పాత సాకెట్టులో పిన్నులు వదులుగా ఉంటే అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్కు గోధుమరంగులోకి తిరుగుతుంది, ఆ తరువాత కరుగుతుంది. ఎలక్ట్రీషియనును పిలిచి, ఆ సాకెట్టుకు మీటరు బోర్డు నుంచి విడిగా తగినంత మందం తీగ లాగించి, దానికంటూ ఒక బ్రేకరు, కరెంటు లీకైతే కొట్టేసే పరికరం, సరైన ఎర్తింగు పెట్టించండి. ఎక్స్‌టెన్షను బోర్డు మీద ఎట్టి పరిస్థితుల్లోనూ ఛార్జి చేయకండి. మొదటి రోజు ఛార్జింగ్ మొదలైన గంట తరువాత వెళ్ళి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ సాకెట్టును వెంటనే మార్పించండి.